ఆగలేని బండికి ఎన్ని చక్రాలు లాగితే ఏం?

మిషిగన్‌లో నవంబరు వచ్చిందంటే మన తెలుగువాళ్ల ఇళ్లలో భోజనాల దగ్గర ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. ఎమ్మెస్ చదవడానికి కొత్తగా వచ్చిన కుర్రాడెవరో సెకండ్ హ్యాండ్ కారు కొన్నానంటాడు. ఏ కంపెనీ, ఎన్ని మైళ్లు తిరిగింది, ఎంతకిచ్చారు అనే ప్రశ్నలన్నీ అయ్యాక ఎవరో ఒకరు అడుగుతారు, "ఫ్రంట్ వీలా, రియర్ వీలా?" అని. రియర్ అనగానే పెద్దలంతా ఒక్కసారే అందుకుంటారు. "అయ్యో తమ్ముడూ, స్నోలో అది అంగుళం కదలదు. వచ్చిన రేటుకి అమ్మేసి ఆల్ వీల్ డ్రైవ్ చూసుకో."

రెండేళ్ల కిందట మా ఇంట్లోనే, నా ఎదురుగానే ఒక కుర్రాడికి ఈ సలహా దొరికింది. చేతిలో ఉన్న డబ్బంతా ఆ పాత సెడాన్ మీదే పెట్టాడతను. అన్నం కలుపుతున్న చెయ్యి కంచంలో అలాగే ఉండిపోయింది. సలహా ఇచ్చినవాళ్లు నా స్నేహితులు, ఆ పిల్లాడి మేలు కోరే చెప్పారు. అయినా ఆ రోజు ఊరుకోలేకపోయాను, ఈ రోజూ ఊరుకోలేను. వెనక చక్రాలు తోసే కారు మంచులో పనికిరాదన్న మాట అబద్ధం. ఆల్ వీల్ డ్రైవ్ కొంటే చలికాలం గురించి దిగులు పడక్కర్లేదన్న మాట అంతకంటే పెద్ద అబద్ధం. మొదటిది డబ్బు పోగొడుతుంది. రెండోది ప్రాణాల మీదికి తెస్తుంది.

రోడ్డు మీద కారు చేయాల్సిన పనులు మూడు: కదలాలి, మలుపు తిరగాలి, ఆగాలి. ఇంజను బలం ఏ చక్రాలకు అందుతుందన్నది ముఖ్యంగా మొదటి పనికి సంబంధించిన సంగతి. ఆగడానికి దానితో పని లేదు. బ్రేకులు పాత సెడాన్‌కైనా కొత్త ఎస్‌యూవీకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. మంచులో మనుషులు చచ్చిపోయేది ఎక్కువగా బండి కదలక కాదు, ఆగక. కదలని బండి ఇంటి ముందే ఉంటుంది. నష్టమేమన్నా ఉంటే ఆ రోజు ఆఫీసుకు ఆలస్యం కావడమే.

లెక్క చూద్దాం. గంటకు 50 కిలోమీటర్లు, అంటే ఇక్కడి లెక్కలో 30 మైళ్ల పైచిలుకు వేగంతో పోతున్న కారు పొడి తారు రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే సుమారు 14 మీటర్లలో ఆగుతుంది. బండ్లు తొక్కి గట్టిపడిన మంచు మీద దాదాపు 50 మీటర్లు కావాలి. నున్నటి ఐసు మీదైతే 100 మీటర్లకు దగ్గర. డ్రైవరు కాలు బ్రేకు మీదికి చేరేలోపు బండి సాగిపోయే దూరం వీటికి అదనం. ఈ అంకెలు రెండే విషయాల నుంచి వస్తాయి: బండి వేగం, టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న ఘర్షణ. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే గట్టి మంచు మీద అది 0.2కి, ఐసు మీద 0.1కి పడిపోతుంది. బండి బరువు ఈ లెక్కలో కొట్టేసుకుపోతుంది. ఇంజను ఏ చక్రాలను తిప్పుతోందన్నది ఈ లెక్కలోకి రానే రాదు. వేగం డ్రైవరు కాలి కింద ఉంది, ఘర్షణ టైరులో ఉంది. మూడోది లేదు.

దీన్ని నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు. ఇక్కడికి వచ్చిన మూడో చలికాలం నాకూ ఒక ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ ఉండేది. ఆల్ సీజన్ టైర్లు, అవి కూడా సగానికి పైగా అరిగినవి. ఒక ఆదివారం పొద్దున పిల్లలిద్దరినీ వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. డ్రైవ్‌వేలో ఆరంగుళాల మంచు ఉన్నా బండి మెత్తగా కదిలింది. ఎక్కడా చక్రం జారలేదు. రోడ్డు బాగానే ఉందనుకున్నాను. కాలనీ చివర స్టాప్ గుర్తు దగ్గర బ్రేకు తొక్కితే బండి ఆగలేదు. పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటోంది, బండి మాత్రం అదే వేగంతో పెద్ద రోడ్డు మధ్యకి వెళ్లిపోయింది. అటు నుంచి వస్తున్న ట్రక్కు డ్రైవరు మమ్మల్ని దూరం నుంచే చూసి పక్కకు తప్పించాడు కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ ఉదయమే నేను వెనక చక్రాల కారులో బయల్దేరి ఉంటే ఇంటి గేటు దాటకముందే చక్రం గిర్రున తిరిగేది. రోడ్డు జారుతోందని కారే చెప్పేది. ఆల్ వీల్ డ్రైవ్ ఆ కబురు దాచిపెట్టింది, స్టాప్ గుర్తు దగ్గర గానీ బయటపెట్టలేదు.

2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో ఐ-35 డబ్ల్యూ హైవే మీద 130కి పైగా వాహనాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఆరుగురు చనిపోయారు. గడ్డకట్టే వాన కురిసి రోడ్డు మీద కంటికి కనిపించని ఐసు పొర పరుచుకుంది. ఆ గుట్టలో ముందు చక్రాలవీ, వెనక చక్రాలవీ, నాలుగు చక్రాలవీ, పద్దెనిమిది చక్రాల లారీలూ అన్నీ ఉన్నాయి. డాలస్ చుట్టుపక్కల ఎన్ని వేల తెలుగు కుటుంబాలున్నాయో మనకు తెలుసు. వాళ్లలో ఎంతమంది ఆ తర్వాత తమ టైర్ల గురించి ఆలోచించారు, ఎంతమంది ఆల్ వీల్ డ్రైవ్ గురించి ఆలోచించారు? నేను మాట్లాడిన ప్రతి ఒక్కరూ రెండో పనే చేశారు.

ఈ నమ్మకం ఎలా పుట్టిందో కూడా చూడాలి. 1970ల చివరి దాకా అమెరికాలో తయారైన కార్లు దాదాపు అన్నీ వెనక చక్రాలు తోసినవే. 1966లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో లాంటివి మినహాయింపులు. డెట్రాయిట్, మినియాపోలిస్, బఫెలో జనం ఆ కార్లలోనే ఫ్యాక్టరీలకు వెళ్లారు, పిల్లల్ని బడికి దింపారు, పురుటి నొప్పుల మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లారు. చలికాలం మొదలవగానే స్నో టైర్లు బిగించుకోవడం వాళ్లకు ఇంటి పనుల్లో ఒకటి. తర్వాత రెండు మార్పులు ఇంచుమించు ఒకేసారి వచ్చాయి. 1977లో గుడ్‌ఇయర్ కంపెనీ టియెంపో పేరుతో ఆల్ సీజన్ రేడియల్ టైరు తెచ్చింది. 1979లో జనరల్ మోటార్స్ షెవ్రొలే సైటేషన్‌తో ముందు చక్రాల కార్లను మామూలు కుటుంబాలకు పెద్ద ఎత్తున అమ్మడం మొదలుపెట్టింది. ముందు చక్రాల కారులో ఇంజను బరువంతా లాగే చక్రాల మీదే పడుతుంది, అందువల్ల ఆల్ సీజన్ టైర్లతో కూడా ఎలాగో కదిలింది. జనం టైర్లు మార్చడం మానేశారు. అవే ఆల్ సీజన్ టైర్లు వేసిన వెనక చక్రాల కారు మంచులో తడబడింది. తప్పు టైరుది, నింద ఇరుసుకు పడింది.

ఆ తర్వాత వెనక చక్రాల కార్లు ఎక్కువగా ఖరీదైన సెడాన్లు, స్పోర్ట్స్ కార్లుగా మిగిలాయి. వాటిలో చాలావాటికి షోరూం నుంచి వచ్చేటప్పుడే వెడల్పాటి వేసవి టైర్లుంటాయి. 7 డిగ్రీల సెల్సియస్ కిందికి చలి దిగితే ఆ రబ్బరు గట్టిపడి రోడ్డును పట్టుకోలేదు. గట్టిపడిన వేసవి టైరుతో మంచులోకి దిగి, కారు తోక తిప్పిందని వెనక చక్రాలను తిట్టడం న్యాయమేనా? మరోవైపు ప్రకటనలు. 1986లో ఆడి కంపెనీ తన క్వాట్రో కారును ఫిన్లాండ్‌లో స్కీ జంప్ కొండ మీదికి ఎక్కించి చూపించింది. ఎక్కడం నిజమే. ఇవాళ్టికీ ఇలాంటి ప్రకటనల్లో బండి మంచు చిమ్ముకుంటూ కొండలెక్కుతూనే ఉంటుంది. దిగువన ఎర్ర లైటు దగ్గర ఎన్ని మీటర్లలో ఆగిందో చూపించిన ప్రకటన నా కంటపడలేదు.

తప్పు టైరుదన్న సంగతి మనకు అర్థం కాకపోవడం మరీ బాధగా ఉంటుంది నాకు. మాది కృష్ణా డెల్టా. నాట్ల ముందు దమ్ము చేసేటప్పుడు మోకాలి లోతు బురదలోకి దిగే ట్రాక్టరు చాలా మటుకు వెనక చక్రాల బండే. మామూలు టైర్లతో దింపితే దిగబడిపోతుందని ఏ రైతుకైనా తెలుసు. అందుకని ట్రాక్టరు అమ్మేసుకుంటాడా? వెనక ఇనుప దమ్ము చక్రాలు బిగించి దింపుతాడు. దమ్ము అయ్యాక విప్పి చావిట్లో పెట్టి, మళ్లీ రబ్బరు టైర్లతో రోడ్డెక్కుతాడు. నేలను బట్టి చక్రం. ఇంత తేటగా తెలిసిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం ఇక్కడ నేల మారితే బండి అమ్మేయమంటున్నాం.

చలి దేశాల్లో రోజూ మంచులో తిరిగే బండ్లను చూడండి. మినెసొటాలో పిల్లల్ని తీసుకెళ్లే పసుపు రంగు స్కూలు బస్సు వెనక చక్రాలతో నడుస్తుంది. సిటీ బస్సుకు ఇంజనే వెనక ఉంటుంది. మన రోడ్డు మీద మంచు తీసి ఉప్పు చల్లే ట్రక్కుల్లో చాలావరకు వెనక ఇరుసులతోనే నడుస్తాయి, ఆ ఉప్పు బరువే వాటికి పట్టు. 2011 దాకా తయారైన ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా కార్లలో ఉత్తరాది రాష్ట్రాల పోలీసులు ఎన్నో చలికాలాలు గస్తీ తిరిగారు. స్వీడన్‌లో వోల్వో 240 అనే వెనక చక్రాల కారు 1974 నుంచి 1993 దాకా తయారైంది. మంచులో కదలని బండి అయితే ఆర్కిటిక్ వలయం అంచున బతికే జనం రెండు దశాబ్దాల పాటు కొంటారా?

ప్రభుత్వాలు ఏం అడుగుతున్నాయో కూడా చూడాలి. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం 2008 నుంచి వింటర్ టైర్లు తప్పనిసరి చేసింది. ఇప్పుడు డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు అవి లేకుండా కారు తీయకూడదు. స్వీడన్‌లో రోడ్లు చలికాలపు స్థితిలో ఉంటే డిసెంబరు 1 నుంచి మార్చి 31 దాకా అదే నియమం. జర్మనీలో తేదీ లేదు, రోడ్డు మీద మంచో ఐసో ఉంటే తగిన టైర్లుండాలి. ఆస్ట్రియాలో ఆ టైరు గాడి లోతు కనీసం 4 మిల్లీమీటర్లుండాలి. ఈ చట్టాలన్నీ టైరును చూస్తాయి. లాగేది ముందు చక్రమా వెనక చక్రమా అని వీటిలో ఏదీ అడగదు.

అవతలివాళ్ల మాటలో నిజమున్న చోట ఒప్పుకోవాలి, ఒప్పుకుంటాను. ఒకే రకం టైర్లు వేసి పోటీ పెడితే సమతలం మీద కదలడంలో ముందు చక్రాల కారుకు మొగ్గుంది. ఏటవాలు డ్రైవ్‌వే, మంచు తీయని మట్టి రోడ్డు, కొండ దారి, ఇలాంటి చోట ఆల్ వీల్ డ్రైవ్ నిజంగా ఆదుకుంటుంది. కాలిఫోర్నియాలో లేక్ టాహోకు పోయే కొండ దారుల్లో మంచు పడితే పెట్టే రెండో స్థాయి ఆంక్షలో, గొలుసులు వేసుకోవడం నుంచి ఆల్ వీల్ డ్రైవ్ బండ్లకు మినహాయింపుంది. అయితే ఆ మినహాయింపు నాలుగు చక్రాలకూ స్నో టైర్లుంటేనే. ఇంకా ముదిరి మూడో స్థాయికి వస్తే ఏ బండికీ మినహాయింపు లేదు. వెనక చక్రాల కారు జారితే తోక తిప్పుతుందనీ, అది కొత్త డ్రైవరును ఎక్కువ భయపెడుతుందనీ కూడా నిజమే. కానీ 2012 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారులోనూ స్టెబిలిటీ కంట్రోల్ ఉండి తీరాలి. తోక తిరగబోతే అది చక్రం చక్రానికీ విడివిడిగా బ్రేకు వేసి కారును దారిలో పెట్టడానికి చూస్తుంది. అది కూడా టైరుకు పట్టుంటేనే పనిచేస్తుంది.

ఖర్చు మాటకొస్తే, చాలా మోడళ్లలో ఆల్ వీల్ డ్రైవ్ కోసం అదనంగా పదిహేను వందల నుంచి రెండు వేల డాలర్లు తీసుకుంటారు. మామూలు సెడాన్‌కు నాలుగు వింటర్ టైర్లు సాధారణంగా అందులో సగానికి అటూ ఇటూగా వచ్చేస్తాయి. చలికాలంలో అవి అరుగుతుంటే పాతవి గ్యారేజీలో అరగకుండా ఉంటాయి, కాబట్టి ఆ డబ్బులో కొంత తిరిగొచ్చినట్టే. కొనేటప్పుడు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు ఉన్న ముద్ర చూడాలి. ఎం ప్లస్ ఎస్ అన్న అక్షరాలు చాలవు, అవి గాడుల ఆకారాన్ని బట్టి వేసుకునేవి. వింటర్ టైరు రబ్బరు చలిలోనూ మెత్తగా ఉంటుంది. దాని మీద కత్తితో గీసినట్టుండే వందల సన్నటి కోతలు ఐసును పట్టుకుంటాయి. గాడుల్లో ఇరుక్కున్న మంచు కింద ఉన్న మంచును పట్టుకుంటుంది.

నాలుగూ వేయించుకోవాలి. రెండు చాలన్న మాట కూడా మనవాళ్లలో గట్టిగా తిరుగుతోంది, అది ఎంత చేటో చెప్పలేను. వెనక చక్రాల కారుకు వెనక రెండే మారిస్తే కారు కదులుతుంది కానీ తిప్పే చక్రాలూ, బ్రేకు భారం ఎక్కువ మోసే చక్రాలూ ముందువే, వాటికి పట్టుండదు. ముందు చక్రాల కారుకు ముందు రెండే మారిస్తే మలుపులో వెనక భాగం ఊడిపోయినట్టు తిరిగిపోతుంది. ఇసుక బస్తాల సలహా కూడా ఇలాంటిదే. ఖాళీ పికప్ ట్రక్కుకు వెనక బరువుండదు కాబట్టి సరిగ్గా ఇరుసు మీదికి వచ్చేలా బస్తాలు పెట్టి కట్టుకోవడం మంచిదే. ముందూ వెనకా ఇంచుమించు సమానంగా బరువు పంచిన సెడాన్ డిక్కీలో పడేస్తే అవి కారు వెనక భాగాన్ని ఇంకా ఊపుతాయి, తిప్పే చక్రాల మీద బరువు తగ్గిస్తాయి.

నడపడానికి పెద్ద విద్య అక్కర్లేదు, కాలు మెత్తబడాలి. టైరుకు ఉన్న పట్టు కొంచెమే, దాన్ని ఒక్కసారి ఒక్క పనికే ఖర్చు పెట్టాలి. మలుపు రాకముందే, చక్రాలు తిన్నగా ఉండగానే వేగం తగ్గించుకోవాలి. మలుపులో బ్రేకూ వద్దు, యాక్సిలరేటరూ వద్దు, దొర్లనివ్వాలి. స్టీరింగ్ మళ్లీ తిన్నగా వచ్చాకే కాలు ఆనించాలి. ఇక్కడ వెనక చక్రాల కారుకు ఒక మేలుంది, దాన్ని ఎవరూ చెప్పరు. ముందు చక్రాల కారులో అవే చక్రాలు లాగాలి, అవే తిప్పాలి. వెనక చక్రాల కారులో తోసే పని ఒకరిది, తిప్పే పని ఇంకొకరిది. తోక ఎడమకు పోతే కాలు మెల్లగా తీసి స్టీరింగ్ ఎడమకే తిప్పాలి, కుడికి పోతే కుడికి, చూపు మాత్రం మనం వెళ్లాల్సిన చోటే ఉండాలి. పట్టు దొరకగానే స్టీరింగ్ వెంటనే తిన్నగా తెచ్చుకోవాలి, లేదంటే తోక రెండో వైపు కొడుతుంది. ఇరుక్కుపోతే ట్రాక్షన్ కంట్రోల్ కాసేపు ఆపి, ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపుతూ బయటికి రావాలి. మంచులో చిక్కుకుని ఇంజను ఆన్‌లో ఉంచుకుంటే మొదట పొగ గొట్టం దగ్గర మంచు తవ్వేయాలి. గొట్టం మూసుకుంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు, మనిషి నిద్రలోనే పోతాడు.

ఎలక్ట్రిక్ కార్లతో ఈ చర్చ మళ్లీ మొదటికొచ్చింది. టెస్లా మోడల్ 3లో తక్కువ ధర రకం వెనక చక్రాలతో నడుస్తుంది. వోల్వో 25 ఏళ్ల తర్వాత 2023లో తన ఎలక్ట్రిక్ కార్లతో మళ్లీ వెనక చక్రాలకు వచ్చింది. బ్యాటరీ బరువు కింద పరుచుకుని ఉండటం వల్ల పాత పికప్‌ల లాగా వీటికి వెనక తేలిక కాదు. ఒక్క సంగతిలో మాత్రం జాగ్రత్త పడాలి. వీటిలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే మోటారే బండిని ఆపుతుంది, ఆ ఆపడం వెనక చక్రాల మీదే పడుతుంది. ఐసు మీద ఉన్నపళంగా కాలు లేపితే హ్యాండ్ బ్రేకు లాగినట్టే. సెట్టింగుల్లో దాన్ని తగ్గించుకునే వీలుంటే తగ్గించుకోవాలి, లేకపోతే కాలు తీసేటప్పుడు కూడా తొక్కినంత మెల్లగా తీయాలి.

స్వీడన్, నార్వే, ఫిన్లాండ్‌లలో లైసెన్సు కావాలంటే జారే రోడ్డు మీద శిక్షణ తీసుకోవాలి. ఇక్కడ మాకు అదేమీ లేదు, కాబట్టి పెద్దవాళ్లే పిల్లలకు నేర్పాలి. మా ఇంట్లో ఆ సలహా విన్న కుర్రాడు కారు అమ్మలేదు. నాలుగు టైర్లు, ఇనుప రిమ్ములు కలిపి వేయించాం. డిసెంబరులో మొదటి మంచు పడిన శనివారం తెల్లవారి ఆరింటికి, మంచు ఇంకా తీయని ఒక ఖాళీ పార్కింగ్ స్థలానికి వెళ్లాం, ఆ స్థలం వాళ్లను ముందే అడిగి. పదిహేను మైళ్ల వేగంలో తోక తిప్పించి మళ్లీ తిన్నగా తేవడం పది పన్నెండు సార్లు చేయించాను. మొదటి మూడుసార్లు భుజాలు బిగబట్టాడు. తర్వాత ఇరవై మైళ్ల వేగంలో గట్టిగా బ్రేకు తొక్కమన్నాను. తొక్కాడు, వెంటనే కాలు తీసేశాడు.

"అంకుల్, పెడల్ కాలిని తన్నుతోంది. ఏదో విరిగినట్టుంది."

"ఏమీ విరగలేదు నాన్నా, అది ఏబీఎస్. తన్నినా వదలకు. మళ్లీ తొక్కు."